తవుడు దగ్గర మొదలైన తగవు

ప్యాకెట్ ఆహారం మీద ముందువైపు ఏ గుర్తు ఉండాలన్న చర్చ మళ్లీ రాజుకుంది. చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు మీరితే కొనేవాళ్ల కంటికి ఆనేలా హెచ్చరిక గుర్తు వేయాలని ఆరోగ్య కార్యకర్తలు, వినియోగదారుల సంఘాలు అడుగుతున్నాయి. మంచీ చెడూ కలిపి లెక్కగట్టి నక్షత్రాలు ఇస్తే సరిపోతుందని పరిశ్రమ అంటోంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టినా ఈ తగవు ఆ గడువులో తెగలేదు. విశాఖలో బీచ్ రోడ్డు నడక బృందాల్లోనూ, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇప్పుడు ఇదే మాట.

బడి పక్క కొట్లలో అయిదు రూపాయల ప్యాకెట్లు తోరణాల్లా ఎలా వేలాడసాగాయో, పామాయిల్, మైదా మన వంటింట్లోకి ఎలా వచ్చాయో పాఠకులకు తెలిసిందే. ఆ కథ మళ్లీ చెప్పను. నా దృష్టిలో ఈ తగవుకు అసలు మలుపు ప్యాకెట్లు పుట్టకముందే, ఇదే తీరంలో, బియ్యం మరల దగ్గర పడింది. నక్షత్రాల వాదం ఏ పాదులోంచి మొలిచిందో తెలియాలంటే అక్కడికి వెళ్లాలి.

పాత మద్రాసు రాష్ట్రంలో ఉత్తర సర్కారులుగా పిలిచిన జిల్లాలకు, అందులో మన విశాఖపట్నానికి, ఒక చెడ్డపేరు ఉండేది. అవి బెరిబెరి జిల్లాలు. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నీరు పట్టి ఉబ్బుతాయి, నడక తడబడుతుంది, ముదిరితే గుండె ఆగిపోతుంది. పెద్దవాళ్ల కంటే పసివాళ్ల సంగతి మరీ ఘోరం. రెండు నుంచి అయిదు నెలల బిడ్డ, తల్లిపాలు తాగుతూ బాగానే కనిపించిన బిడ్డ, ఉన్నట్టుండి ఊపిరి అందక పోయేది. తల్లికి జబ్బు పైకి కనిపించకపోవచ్చు. ఆమె పాలలో మాత్రం బి1 విటమిన్ చాలినంత ఉండేది కాదు. ఎన్ని ఇళ్లలో దాన్ని దిష్టి అనుకున్నారో, గాలి సోకింది అనుకున్నారో!

అదే రాష్ట్రంలో తమిళ జిల్లాల వాళ్లూ అన్నమే తినేవాళ్లు. వాళ్లలో ఈ జబ్బు అరుదు. తేడా బియ్యంలో ఉంది. వాళ్లు తిన్నది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టాకే మర పట్టిస్తారు. ఉడికేటప్పుడు తవుడులోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. తరవాత మర ఎంత గీకినా కొంత మిగులుతుంది. మనవాళ్లకు ఉప్పుడు బియ్యం వాసన పడదు, పచ్చి బియ్యమే కావాలి. రోకలితో దంచుకున్నన్నాళ్లు ఆ ఇష్టం ప్రాణం మీదికి రాలేదు, ఎందుకంటే దంపుడు బియ్యానికి తవుడు కొంత అంటుకునే ఉండేది. మర వచ్చింది. బియ్యం మల్లెపూవులా తెల్లబడింది. ఆ తెల్లటి బియ్యాన్ని నాలుగు నీళ్లు పోసి కడిగి, వండి, గంజి వార్చేస్తే మిగిలిన కాస్త విటమిన్ కూడా నీళ్లపాలయ్యేది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. 100 గ్రాముల ముడి బియ్యంలో, అంటే తవుడు తీయని బియ్యంలో, బి1 విటమిన్ 0.27 మిల్లీగ్రాములు, ఉప్పుడు బియ్యంలో 0.17, మర పట్టిన పచ్చి బియ్యంలో 0.05. మన తీరం కథంతా ఈ మూడు అంకెల్లో ఉంది.

ఆ సంస్థ పుట్టుకే బెరిబెరితో ముడిపడింది. 1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఒకే ఒక గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. 1935 నుంచి కూనూరు ప్రయోగశాలను నడిపిన ఏక్రాయిడ్ బృందం 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద ఒక పెద్ద నివేదిక వెలువరించింది. మర్నాడే అన్నట్టు 1941లో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాల మీద అధ్యయనం వచ్చింది. అప్పటికి కారణం తేలిపోయింది, మందు తేలిపోయింది. ఏ దారిన నడవాలన్నదే మిగిలింది.

దారులు రెండు. తవుడు తీసేయడం తగ్గించుకోవడం ఒకటి. తీసేశాక పోయినదాన్ని కొలిచి కలపడం రెండోది.

మొదటి దారిని గట్టిగా పట్టుకున్నవాడు గాంధీ. 1934లో అఖిల భారత గ్రామీణ పరిశ్రమల సంఘం పెట్టి, జె.సి. కుమారప్పతో కలిసి దంపుడు బియ్యాన్ని ఒక ఉద్యమం చేశాడు. ఆరోగ్యమూ దక్కుతుంది, దంచే ఆడవాళ్ల కూలీ కూడా నిలుస్తుందని ఆయన లెక్క. స్వాతంత్ర్యం వచ్చాక 1958లో బియ్యం మరల నియంత్రణ చట్టం వచ్చింది. దంపుడు పనిని కాపాడేందుకు కొత్త మరలకు అనుమతి ఉండాలన్నది. ఈ చట్టం ఒకటి ఉండేదని ఇవాళ ఎంతమందికి తెలుసు? 1997లో దాన్ని రద్దు చేశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

రెండో దారి వేసినవాడు, వింటే ఆశ్చర్యం కలుగుతుంది, తెలుగునేల మీదే పుట్టాడు. రాబర్ట్ విలియమ్స్ అమెరికన్ బాప్టిస్టు మిషనరీల కొడుకు. 1886లో నెల్లూరులో పుట్టాడు. 1910లో మనీలాలో తవుడు సారంతో బెరిబెరి పిల్లలు కోలుకోవడం చూశాడు. ఆ సారంలో ఉన్నదేమిటో పట్టుకోవడానికి పాతికేళ్లు పట్టింది. 1936లో ఆ విటమిన్ నిర్మాణాన్ని తేల్చి, ప్రయోగశాలలో తయారు చేశాడు. ఇక దాన్ని కర్మాగారంలో కిలోల లెక్కన చేయవచ్చు. అమెరికాలో మైదాకు విటమిన్లు కలపాలన్న ప్రచారానికి ముందు నిలిచినవాడు ఆయనే. 1948లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో మామూలు బియ్యంలో విటమిన్ పట్టించిన గింజలు కలిపి పంచారు. బెరిబెరి చావులు తగ్గిపోయాయి.

ఆయన చేసింది ప్రాణాలు నిలిపిన పని. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ గెలుపు ప్రపంచానికి ఒక అలవాటు మిగిల్చింది. గింజను ఎంతైనా గీకవచ్చు, తరవాత ఏదో ఒకటి కలిపి సరిచేయవచ్చు అన్న ధీమా అది. ఇవాళ్టి నక్షత్రాల లెక్క ఆ ధీమాకు మనవడు.

మన రేషన్ బియ్యాన్ని చూడండి. 2021 ఆగస్టు 15న ప్రధాని పోషకాలు కలిపిన బియ్యాన్ని ప్రభుత్వ పథకాలన్నింటికీ విస్తరిస్తామని ప్రకటించారు. అంతకుముందు ప్రయోగాత్మకంగా ఎంచుకున్న జిల్లాల్లో మన పొరుగున ఉన్న విజయనగరం ఒకటి. నూక పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, ముద్ద చేసి, యంత్రంలో బియ్యపు గింజ ఆకారంలో వత్తుతారు. నూరు కిలోల బియ్యానికి అలాంటివి ఒక కిలో కలుపుతారు. వేరే గింజలను ఇలా కలపడం బటాన్‌లో నడిచిన పద్ధతే. తప్పనిసరిగా కలపాల్సినవి ఆ మూడే. బి1 ఇష్టముంటే కలిపే జాబితాలో ఉంది. ఈ తీరంలో పసిబిడ్డలను తీసుకుపోయిన లోపం ఏదో, దానికి పుట్టిన పద్ధతిలో దానికే ఖాయమైన చోటు లేకపోయింది.

కంచరపాలెంలో ఒక ముసలమ్మ డిపో బియ్యం చేటలో పోసుకుని వాకిట్లో కూర్చుని ఉంది. చెరుగుతున్నది రాళ్ల కోసం కాదు. కొంచెం పసుపుగా, మొద్దుగా కనిపించే గింజలను ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేస్తోంది. "ఇవి ప్లాస్టిక్ బియ్యం అంటున్నారు బాబూ, మనవడికి పెట్టాలంటే భయం" అంది. అవి ప్లాస్టిక్ కావమ్మా, అందులో ఇనుము ఉంటుంది, ఒంటికి మంచిదే అని చెప్పాను. "ఉంటే బియ్యంలోనే ఉండాలి గానీ, వేరే గింజలో పెట్టి కలపడమేమిటి?" అంది. గిన్నెలో గింజలు కోడికి వేసింది.

ఇంకొక సంగతి, ఇప్పటి గొడవకు సూటిగా తగిలేది. ఇనుము కలిపిన ఆహారం ప్యాకెట్ల మీద తలసేమియా ఉన్నవాళ్లు వైద్యుల పర్యవేక్షణలో తీసుకోవాలని, సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవాళ్లు తినవద్దని చెప్పే వాక్యం వేయాలని మొదట నిబంధన ఉండేది. పాడేరు ఏజెన్సీలో సికిల్ సెల్ బాధితులు ఉన్నారు. నిపుణుల కమిటీ ప్రమాదం ఉన్నట్టు ఆధారాలు లేవని చెప్పడంతో 2024లో ఆ వాక్యాన్ని తొలగించారు. ప్రభుత్వం మాట నిజమే కావచ్చు. అయినా తినేవాడికి తెలియాల్సిన ఒక వాక్యం ఇంత తేలిగ్గా చెరిగిపోగలదని చూశాక, హెచ్చరిక గుర్తు కావాలని అడిగేవాళ్ల తొందర నాకు అర్థమవుతోంది.

ఇక నక్షత్రాలు. 2022 సెప్టెంబరులో దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక ముసాయిదా ఇచ్చింది. అర నక్షత్రం నుంచి అయిదు దాకా. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు ఎక్కువైతే మార్కులు చెడతాయి. పీచు, ప్రొటీన్, పప్పులు, గింజలు, చిరుధాన్యాలు ఉంటే ఆ చెడిన మార్కులు కొంత మాఫీ అవుతాయి. ఎంవీపీ కాలనీలో ఒక కొట్లో బిస్కెట్ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాను. ముందువైపు నిండుగా విరగకాసిన చోడి, అంటే రాగి, కంకి బొమ్మ. వెనక చిన్న అక్షరాల్లో, బరువు ప్రకారం రాయాల్సిన వరసలో, మొదటి పేరు మైదా, రెండోది చక్కెర, మూడోది పామాయిల్. చోడి పిండి ఆ తరవాత ఎక్కడో. మాఫీ లెక్కలో ఇలాంటి ప్యాకెట్‌కు ఆ చిటికెడు చోడి పిండి పనికొస్తుంది. తినే పిల్లవాడికి చక్కెర ఒక్క గ్రాము కూడా తగ్గదు.

పరిశ్రమ వాదన కూడా చెప్పాలి. హెచ్చరిక గుర్తులు భయపెడతాయే తప్ప నేర్పవని, అదే లెక్కన ఆవకాయకూ మన మాడుగుల హల్వాకూ గుర్తు వేయాల్సి వస్తుందని వారంటారు. మాడుగుల హల్వా పండక్కో, చుట్టం ఇంటికి వెళ్లేటప్పుడో తినేది. దాన్ని పోషకాహారమని బొమ్మలు వేసి పిల్లల టిఫిన్ డబ్బాలోకి రోజూ పంపమని మాడుగుల దుకాణదారుడు ఎన్నడూ అనలేదు. రెండింటికీ పోలిక లేదు.

ఈ ప్రాంతంలో తెలుపు మీద మోజుకు ఇంకో బలి అనకాపల్లి బెల్లం. చెరకు రసం కాచితే వచ్చే సహజమైన రంగు ముదురు గోధుమ. కొనేవాళ్లు పసుపురంగు దిమ్మ అడుగుతారని రైతు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం చల్లాడు. నల్లబెల్లమంటే నాటుసారాకు పోయే సరుకన్న ముద్ర పడి తనిఖీలూ మొదలయ్యాయి. ఇప్పుడు అదే గోధుమరంగు బెల్లాన్ని సీతమ్మధారలో ఎక్కువ ధర పెట్టి వెతికి కొంటున్నారు.

కొండ మీద జరిగింది వేరు. పోడు చేలల్లో చోళ్లు, సామలు, కొర్రలు, కందులు పండించుకు తిన్న గిరిజనానికి 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండిన నాకు లేదు. కానీ గిరిజన సహకార సంస్థ డిపోల్లో తెల్లబియ్యం దొరికాక అంబలి కుండ మూల చేరింది. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, మర బియ్యంలో ఎనిమిది కూడా లేదు. పోయినదాన్ని మళ్లీ జావగా 2023 మార్చి నుంచి బడి పిల్లలకు వారంలో మూడు రోజులు పోయడం మొదలుపెట్టారు. మంచి పని. 2025 జూన్ నుంచి అదే బడుల్లో సన్నబియ్యం అన్నం పెడుతున్నారు. పిల్లలు ఇష్టంగా తింటున్నారు. ఆ సన్నబియ్యానికి పాలిష్ కాస్త తగ్గించమని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

ఈ ఇరవై అయిదేళ్లలో తెలుగువాళ్లం ఆరోగ్యం పేరుతో మారిన దారులు తక్కువ కాదు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే మానమంటే మానాం. వీరమాచినేని రామకృష్ణ అన్నం మాని కొబ్బరినూనె తాగమంటే తాగాం. ఖాదర్ వలీ అయిదు సిరిధాన్యాలు చెబితే కొర్రలకు, అండుకొర్రలకు వెతుక్కున్నాం. ఆ అయిదింటిలో మన చోళ్లు లేవు. ఇన్ని మాటల్లో దేని జోలికీ పోకుండా, 2024 మేలో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు దేశంలో రోగభారంలో 56.4 శాతం తిండి తీరు వల్లేనని చెప్పి, బాగా శుద్ధి చేసిన ప్యాకెట్ ఆహారాన్ని తగ్గించమన్నాయి. కూనూరులోని ఒక గదిలో మన బెరిబెరి కోసం మొదలైన సంస్థ నూరేళ్ల తరవాత చెప్పిన మాట ఇది. నక్షత్రాల మీద తీర్పు చెప్పబోయేవాళ్లు అన్నిటికంటే ముందు చదవాల్సింది దాన్నే.

పొద్దున్న ఆరు గంటలకు ఆర్కే బీచ్ దగ్గర ఒకామె స్టీలు క్యానులో చోడి అంబలి తెస్తుంది. గ్లాసులో పోసి, మజ్జిగ కలిపి, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఇస్తుంది. చోళ్లు ఎక్కడివి అని అడిగాను. పాడేరు సంతనుంచి తెప్పించుకుంటానంది. అంబలిలో పొట్టు గొంతుకు తగులుతోంది, పిండి జల్లించరా అన్నాను. "కొత్తగా తాగేవాళ్లందరూ అదే అడుగుతారు బాబూ. ఒక వారం తాగండి" అని, నా గ్లాసు కడిగి పక్కనున్నాయనకు పోసింది.