జాలీ వెనుక నుంచి చూసిన బొమ్మ

గదంతా వేడెక్కించే కంప్యూటర్లో ఆడవలసిన గేము అరచేతిలో పట్టే యంత్రంలో ఎట్లా నడుస్తుందని మా అక్క కొడుకు అడిగాడు. "ఏఐ పెట్టిండ్రట మామా, లేని బొమ్మను అదే గీసుకుంటదట" అని జవాబూ తనే చెప్పాడు. అందులో సగమే నిజం, అదీ అంత రుచిలేని సగం. మసక సీసీటీవీ బొమ్మలోంచి బండి నంబరు మీట నొక్కి రాబట్టే దృశ్యాలు సీరియళ్లలో చూసి చూసి, కంప్యూటరుకు అంజనం వేయడం వచ్చునని మనవాళ్లు నమ్మేశారు.

2019లో నింటెండో స్విచ్ అనే చేతి గేము యంత్రానికి వచ్చిన 'ది విచర్ 3' గేము చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు గరిష్ఠంగా 540పీ చిత్రాన్నే తయారు చేసేది. 960×540 అంటే 5,18,400 పిక్సెళ్లు, అంటే రంగు చుక్కలు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 తెర 1080పీ. దానికి కావలసినవి 20,73,600, అంటే సరిగ్గా నాలుగింతలు. 540పీ చిత్రంతో ఆ తెరను నింపాలంటే (దీన్నే అప్‌స్కేలింగ్ అంటారు) తక్కిన మూడు వంతులు ఎక్కడి నుంచి రావాలి?

హైదరాబాదు సంతోష్‌నగర్ దగ్గర పైగా వంశపు నవాబుల సమాధులకు వెళ్లినవారికి అక్కడి జాలీలు, అంటే రంధ్రాలు చెక్కిన రాతి తెరలు, గుర్తుండే ఉంటాయి. ఒక కన్ను మూసి, జాలీకి కాస్త ఎడంగా కదలకుండా నిలబడితే అవతలి చెట్టు రంధ్రాల మేరకు ముక్కలుగానే కనిపిస్తుంది. తల వెంట్రుకవాసి పక్కకు జరిపితే ఇంతకుముందు రాయి కప్పిన చోట్లు బయటపడతాయి. నాలుగుసార్లు జరిపి, చూసిన ముక్కలన్నీ గుర్తుంచుకోగలిగితే చెట్టు మొత్తం చేతికొచ్చినట్టే. నేటి గేముల్లో అప్‌స్కేలింగ్ ఎక్కువగా చేసేదీ అదే. ప్రతి ఫ్రేముకూ, అంటే తెరపై వరసగా వచ్చే ఒక్కో బొమ్మకూ, గేములోని కెమెరాను ఒక పిక్సెల్ కన్నా తక్కువ దూరం, చూసిన చోటే మళ్లీ చూడకుండా హాల్టన్ శ్రేణి (చుక్కలను సమంగా పరిచే అంకెల వరస) వంటి క్రమంలో జరుపుతూ, పాత ఫ్రేముల రంగులను దాచుకుంటుంది. కనుక ఆ మూడు వంతుల్లో చాలా భాగం ఊహ కాదు, కొన్ని క్షణాల కిందట నిజంగా లెక్కగట్టినదే.

అయితే చెట్టు ముందు నుంచి ఒక మనిషి నడిచి వెళితే? అతను ఎటు, ఎంత కదిలాడో గేమే చలన సదిశల (దిశ, దూరం చెప్పే అంకెల) రూపంలో చెబుతుంది. పాత ముక్కలను ఆ మేరకు జరిపి అతికించాలి. అతను స్తంభం చాటు నుంచి అప్పుడే బయటికి వస్తే మాత్రం దాచుకున్న జ్ఞాపకమేదీ ఉండదు. ఏ ముక్కను నమ్మాలి, దేన్ని పారేయాలి అన్న తీర్పును ఏఎమ్‌డీ సంస్థ అప్‌స్కేలింగ్ పద్ధతి, 2022 నాటి ఎఫ్ఎస్ఆర్ 2, మనుషులు రాసిన సూత్రాలతో చేసింది. ఎన్విడియా సంస్థది, 2020 నాటి డీఎల్ఎస్ఎస్ 2, ఉదాహరణలు చూసి శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్‌కు అప్పగించింది. ఏఐ పాత్ర ముఖ్యంగా ఇక్కడ. అమీర్‌పేటలో న్యూరల్ నెట్‌వర్కులు నేర్పే చోట్ల ఈ జాలీ సంగతి ఒక్క పూట ముందుగా చెబితే ఎంత బాగుండును!

చిన్న యంత్రాల కష్టం ఇక్కడే మొదలవుతుంది. నాలుగు ముక్కలు పోగుచేయడానికి సెకనుకు 60 ఫ్రేములైతే సుమారు 67 మిల్లీసెకన్లు చాలు. 30 ఫ్రేములైతే 133 పడుతుంది. ఆలోపు మనిషి రెట్టింపు దూరం నడుస్తాడు, చాటు నుంచి బయటపడే చోట్లూ పెరుగుతాయి. జ్ఞాపకం మీద ఎక్కువగా ఆధారపడవలసిన యంత్రానికే నమ్మదగని జ్ఞాపకం దక్కుతుందన్నమాట. పైగా అప్‌స్కేలింగ్ ఖర్చు ప్రధానంగా చివరి చిత్రం పరిమాణాన్ని బట్టి ఉంటుంది: 4కే తెరకు 82,94,400 పిక్సెళ్లు నింపాలంటే, 33 మిల్లీసెకన్ల ఫ్రేములో చిన్న చిప్పుకు అదే పెద్ద వాటా అవుతుంది. వీధిలోని జనం ఎటు నడవాలో లెక్కవేసే సీపీయూ పనిని ఇది ఇసుమంతైనా తగ్గించదు. అందుకే చిత్రం స్పష్టంగా ఉన్నా సంత మధ్యలోకి రాగానే ఆట తడబడే పోర్టులు (వేరే యంత్రం కోసం మార్చిన గేములు) ఉంటాయి.

మావాడికి వాన కురిసే దృశ్యం ఆపి చూడమన్నాను. చినుకుల వంటి రేణువులకు చలన సదిశలు రాయకుండా వదిలేయడం మామూలే. వీధిదీపం కింద ఒక్కో చినుకు వెనుక సన్నని మసక తోక కనిపించింది. "ఇది పాత ఫ్రేములదా మామా?" అని అడిగి, వాడు తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.