కణాన్ని కాస్త ఇబ్బంది పెట్టాలి

గాజు సీసా అడుగున జెల్లీలాంటి పోషక మాధ్యమం, దాని మీద లేత పసుపు రంగులో పొడిపొడిగా ఒక ముద్ద. ఆకు లేదు, వేరు లేదు. కేలస్ అంటారు దీన్ని. శుభ్రం చేసిన మొక్క ముక్కని చక్కెర, లవణాలు, హార్మోన్లు కలిపిన మాధ్యమం మీద పెడితే, కోసిన చోట ఇలా ఉబ్బుకొస్తుంది. ద్రవంలో వేసి కుదుపుతూ ఉంటే చిన్న చిన్న గుంపులుగా విడిపోయి పెరుగుతూనే ఉంటుంది.

పెంచడం వరకూ టిష్యూ కల్చర్‌లో మరీ పెద్ద తలనొప్పి లేదు. అసలు తంటా ఆ కణాల నుంచి మందు రాబట్టడం దగ్గరే. మనం మందులుగా, రంగులుగా వాడుకునే పదార్థాల్లో చాలావాటిని మొక్క తయారుచేసుకునేది పురుగులనో బూజులనో ఎదుర్కోవడానికి. సీసాలో శత్రువు లేడు, తిండికి లోటు లేదు. ఇక ఆ శ్రమంతా కణం ఎందుకు పడుతుంది?

జపాన్‌లో మురసాకి అనే మొక్క వేళ్లలో షికోనిన్ అనే ఎర్రటి పదార్థం ఉంటుంది. అద్దకానికీ, మందుకీ వాడేవారు. వేళ్లు తవ్వడానికి కొన్నేళ్లు ఆగాలి. దాని కణాలను మామూలు మాధ్యమంలో పెంచితే పాలిపోయి ఉంటాయి, రంగు జాడే ఉండదు. అమ్మోనియం ఉన్నా, వెలుతురు పడినా షికోనిన్ పుట్టదని పరిశోధకులు పట్టుకున్నారు. అందుకే ముందు ఒక ట్యాంకులో బాగా పెంచి, తర్వాత అమ్మోనియం తీసేసి, రాగి పెంచిన మాధ్యమంలోకి మార్చి చీకట్లో ఉంచారు. కణాలు ఎర్రబడ్డాయి! 1980లలో మిత్సుయి పెట్రోకెమికల్ దీన్ని వాణిజ్య స్థాయికి తెచ్చింది. ఆ రంగు లిప్‌స్టిక్‌లలోకీ వెళ్లింది.

క్యాన్సర్ మందు ట్యాక్సాల్‌దీ ఇదే దారి. మొదట్లో దాన్ని పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి తీసేవారు. బెరడు వలిస్తే చెట్టు చచ్చిపోతుంది. ఇప్పుడు యూ జాతి కణాలను పెద్ద బయోరియాక్టర్లలో, అంటే కణాలు పెంచే ట్యాంకుల్లో, పెంచి కూడా తీస్తున్నారు. అక్కడ కణాల చేత మందు తయారు చేయించడానికి పనికొచ్చే వాటిలో మిథైల్ జాస్మొనేట్ ఒకటి. గాయమైనప్పుడు మొక్క తనంతట తాను విడుదల చేసే ప్రమాద ఘంటిక లాంటిది అది. నిజంగా దెబ్బ తగలకపోయినా, ఆ వాసన తగిలితే చాలు, కణం రక్షణ పనుల్లో పడుతుంది. ఒకరకంగా కణాన్ని మోసం చేయడమే.

బిళ్లగన్నేరు మాత్రం ఈ మోసానికి లొంగలేదు. దాని నుంచి వచ్చే క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌కి రెండు భాగాలు కలవాలి. కల్చర్‌లో ఒక భాగం దొరుకుతుంది గానీ, విండొలిన్ అనే రెండోది దాదాపు రాదు. ఆకులో ఆ పనిని వేర్వేరు రకాల కణాలు పంచుకుని చేస్తాయి. ఆకారమే లేని ముద్దలో ఆ పంపకం ఉండదు. అందుకే ఈ మందు కోసం ఇప్పటికీ ఎక్కువగా ఆకులే కోసి ఎండబెడుతున్నారు.