షీజ్ ద బాస్: మిక్ జాగర్ సోలో ఆల్బమ్ వెనకున్న పేచీ

బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ తొలి సోలో ఆల్బమ్ 'షీజ్ ద బాస్' 1985 ఫిబ్రవరిలో వచ్చింది. అది వచ్చాక అతనికీ గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌కీ మధ్య నాలుగేళ్ల పాటు మాటల యుద్ధం నడిచింది. జాగర్ రాక్‌ని వదిలి పాప్ వైపు వెళ్లాడని, కీత్‌కి అది నచ్చలేదని చాలామంది ఈ గొడవని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ లెక్క కుదరదు. 1978లో డిస్కో బీట్ మీద 'మిస్ యూ' చేసి అమెరికాలో నంబర్ వన్ కొట్టింది స్టోన్సే. ఆ పాటలో కీత్ కూడా ఉన్నాడు. అసలు పేచీ ఒక కాంట్రాక్టు దగ్గర మొదలైంది. దాని వేర్లు ఇంకా వెనక్కి, డెబ్బైల్లోకి పోతాయి.

ఇద్దరూ లండన్ దగ్గర డార్ట్‌ఫర్డ్‌లో ఒకే ప్రైమరీ స్కూల్లో చదివారు. 1961లో రైల్వే స్టేషన్‌లో మళ్లీ కలిశారు. జాగర్ చేతిలో ఉన్న బ్లూస్ రికార్డులు చూసి కీత్ మాట కలిపాడు. అక్కడి నుంచి పాటలు కలిసే రాశారు. డెబ్బైల్లో కీత్ హెరాయిన్‌లో కూరుకుపోయాడు. 1977లో టొరంటోలో అరెస్టయి, జైలు తప్పదేమో అన్నంత దాకా వెళ్లాడు. ఆ ఏళ్లన్నీ టూర్లు, లాయర్లు, రికార్డు కంపెనీలతో బేరాలు జాగరే చూసుకున్నాడు. కీత్ ఆ మత్తు నుంచి బయటపడి, ఇక నేనూ భారం పంచుకుంటానని వస్తే జాగర్ పగ్గాలు వదల్లేదు. కీత్ 2010లో వచ్చిన తన ఆత్మకథలో ఈ బాధంతా రాశాడు. అందులో న్యాయం ఉంది. కానీ బృందం చెదిరిపోకుండా అన్నేళ్లు నిలబెట్టిన మనిషికి పెత్తనం అలవాటైపోవడం కూడా అర్థం చేసుకోదగ్గదే.

1983లో స్టోన్స్ సీబీఎస్ రికార్డ్స్‌తో నాలుగు ఆల్బమ్‌లకి ఒప్పందం చేసుకున్నారు. రెండున్నర కోట్ల డాలర్లకి పైమాటేనని అప్పట్లో పత్రికలు రాశాయి. దాంతో పాటే జాగర్ సోలో ఆల్బమ్‌లకీ బేరం కుదిరింది. ఆ సంగతి తనకి తర్వాతే తెలిసిందని కీత్ అంటాడు. సోలో రికార్డులు ఆ బృందానికి కొత్త కాదు. బాసిస్టు బిల్ వైమన్ 1974లోనే, గిటారిస్టు రోనీ వుడ్ 1979లో చేశారు. వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు. ఇక్కడ తేడా ఏమిటంటే, సీబీఎస్ నుంచి ముందుగా బయటికొచ్చింది బృందం ఆల్బమ్ కాదు, జాగర్‌ది. బృందం రికార్డు 'డర్టీ వర్క్' 1986 దాకా రాలేదు. కీత్ మనసు విరిగింది ఇక్కడేనని నా నమ్మకం.

అప్పటి సంగీత బజారు కూడా జాగర్‌ని అటే లాగింది. 1981లో పాటల వీడియోలు చూపే ఎంటీవీ ఛానల్ మొదలైంది. 1982 చివర్లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వచ్చి అమ్మకాల లెక్కలన్నీ మార్చేసింది. అది కూడా సీబీఎస్ గొడుగు కింద వచ్చిందే. 1984లో జాక్సన్ సోదరులతో జాగర్ పాడిన 'స్టేట్ ఆఫ్ షాక్' అమెరికాలో మూడో స్థానానికి వెళ్లింది. స్నేహితుడు, గాయకుడు డేవిడ్ బోయీని నిర్మాత నైల్ రాడ్జర్స్ 'లెట్స్ డాన్స్' ఆల్బమ్‌తో మళ్లీ శిఖరానికి ఎక్కించాడు. నలభై దాటిన గాయకుడికి ఇవన్నీ కళ్లముందు జరుగుతుంటే ఊరుకోవడం కష్టమే.

అందుకే బహామాస్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోకి ఆ రాడ్జర్స్‌నే పిలిపించుకున్నాడు. జాజ్ కళాకారుడు హెర్బీ హాన్‌కాక్‌తో 'రాకిట్' పాట చేసిన బిల్ లాస్వెల్ ఇంకో నిర్మాత. గిటార్‌కి జెఫ్ బెక్, పీట్ టౌన్‌షెండ్, కీబోర్డుకి హాన్‌కాక్, లయకి జమైకా జోడీ స్లై డన్‌బార్, రాబీ షేక్‌స్పియర్. ఇంతమంది ఉద్దండులు ఒక్క రికార్డులో చేరడం మామూలు విషయం కాదు. కానీ వినండి: డ్రమ్స్ గట్టిగా, తళతళలాడుతూ ఉంటాయి, ప్రతి వాద్యం విడివిడిగా మెరుస్తుంది, జాగర్ గొంతు మాత్రం వాటి మీదుగా అరుస్తూ ఒంటరిగా తిరుగుతుంది. స్టోన్స్ పాటలో ఛార్లీ వాట్స్ డ్రమ్స్, కీత్ గిటార్ ఒకదాన్నొకటి కాస్త వెనక్కి లాగుతుంటాయి. ఆ లాగుడు మీదే జాగర్ గొంతు ఊగుతుంది. ఇక్కడ లేనిది అదే. అయినా 'జస్ట్ అనదర్ నైట్' మంచి పాట. అమెరికాలో 12వ స్థానం దాకా వెళ్లింది. ఆల్బమ్ అక్కడ 13, బ్రిటన్‌లో 6 స్థానాలకి చేరింది. దాన్ని ఫ్లాప్ అనడం తప్పు. మొదటి పాట 'లోన్లీ ఎట్ ద టాప్' రచయితల్లో కీత్ పేరు కూడా ఉందన్నది చాలామంది గమనించరు.

1985 జులై 13న కరువు బాధితుల కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో, ఫిలడెల్ఫియా వేదిక మీద చీలిక లోకమంతా చూసింది. జాగర్ తన సొంత సెట్‌తో వచ్చి టీనా టర్నర్‌తో కలిసి పాడాడు. కీత్, రోనీ అదే వేదిక మీద బాబ్ డిలన్ పక్కన గిటార్లు వాయించారు. స్టోన్స్ పేరుతో మాత్రం ఎవరూ రాలేదు. పారిస్‌లో 'డర్టీ వర్క్' రికార్డింగ్ కూడా ముక్కలు ముక్కలుగానే సాగింది. ఆ డిసెంబర్‌లో ఇయాన్ స్టూవర్ట్ గుండెపోటుతో చనిపోయాడు. మొదటి రోజు నుంచీ బృందంతో ఉన్న పియానిస్టు ఆయన, అందరి మాటా వినే పెద్దదిక్కు. ఇద్దరి మధ్య సర్దిచెప్పగల మనిషి లేకుండా పోయాడు.

'డర్టీ వర్క్' విడుదలయ్యాక జాగర్ టూర్‌కి రానన్నాడు. బృందం టూర్ చేసే స్థితిలో లేదన్నది అతని వాదన. ఛార్లీ వాట్స్ ఆ రోజుల్లో తాగుడు, డ్రగ్స్‌తో సతమతమయ్యాడన్నది నిజమే కాబట్టి దాన్ని ఉత్త సాకు అనలేం. కానీ 1988లో అదే జాగర్ వేరే గిటారిస్టులని పెట్టుకుని జపాన్, ఆస్ట్రేలియాలో స్టోన్స్ పాటలు పాడాడు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో సమర్థించలేనిది అదొక్కటే. అప్పటికే అతని రెండో సోలో 'ప్రిమిటివ్ కూల్' అమెరికాలో 41 దగ్గరే ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో కీత్ 'టాక్ ఈజ్ చీప్' తెచ్చాడు. అందులో 'యూ డోంట్ మూవ్ మీ' పాట నేరుగా జాగర్‌కే గురిపెట్టినది.

1989 జనవరిలో స్టోన్స్‌కి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆ రోజుల్లోనే ఇద్దరూ బార్బడోస్‌లో కూర్చుని మళ్లీ పాటలు రాయడం మొదలుపెట్టారు. ఆగస్టు చివరికి 'స్టీల్ వీల్స్' ఆల్బమ్, దాంతో పాటే భారీ టూర్ వచ్చేశాయి. ఆ తర్వాత కూడా ఇద్దరూ సోలోలు చేశారు. కీత్ 1992లో, జాగర్ 1993లో. బృందం ఖాళీగా ఉన్నప్పుడే చేశారు, ఎవరూ పేచీ పెట్టలేదు.