ఫస్ట్ డౌన్‌కు ఆగని గడియారం: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక పాత తగాదా

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళితే దానికి ఫస్ట్ డౌన్ దక్కుతుంది, అంటే మరో నాలుగు ప్రయత్నాలకు హక్కు వస్తుంది. అలా దక్కిన ప్రతిసారీ, బంతిని కొత్త చోట ఉంచి రిఫరీ సైగ చేసేదాకా గడియారాన్ని ఆపే పద్ధతి 1968లో మొదలై యాభై ఏళ్లకు పైగా సాగింది. 2023 సీజన్‌లో పెద్ద విశ్వవిద్యాలయాల స్థాయిలో దాన్ని ఎత్తివేశారు. ఇప్పుడు రెండు అర్ధభాగాల్లోనూ చివరి రెండు నిమిషాలప్పుడు మాత్రమే ఫస్ట్ డౌన్‌కు గడియారం ఆగుతుంది. నిబంధనల పుస్తకంలో చిన్నదిగా కనిపించే ఈ సవరణపై అభిమానుల్లో వచ్చిన అసంతృప్తిని ఒక్క మాటలో చెప్పాలంటే, ఆటను కోసి ప్రకటనలను మాత్రం అలాగే ఉంచారన్నదే.

నిర్వాహకులు చెప్పిన కారణం ఆటగాళ్ల భద్రత. కాలేజీ మ్యాచ్‌లో బంతితో చేసే ప్రయత్నాల సంఖ్య ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్ కంటే చాలా ఎక్కువ, పైగా జాతీయ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్ 2024 నుంచి నాలుగు జట్ల స్థాయి దాటి పన్నెండు జట్లకు పెరగనుందని అప్పటికే ఖాయమైంది కాబట్టి, ఎక్కువ మ్యాచ్‌లు ఆడవలసి వచ్చే కుర్రాళ్లకు ఒక్కో మ్యాచ్‌లో దెబ్బలు తినే అవకాశాన్నైనా తగ్గించాలన్నది వాళ్ల వాదన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే ఈ ఆటకు ఒక పాలక సంస్థ ఏర్పడిందే ప్రాణనష్టం వల్ల. 1905 సీజన్‌లో పద్దెనిమిది మంది దాకా చనిపోయారని అప్పటి పత్రికలు లెక్కకట్టాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి ఆటను సంస్కరించుకోవాలని చెప్పారు. మరుసటి ఏడాది ఏర్పడిన సంఘమే 1910లో ఎన్‌సీఏఏగా (జాతీయ కాలేజీ క్రీడా సంఘంగా) పేరు మార్చుకుంది. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది కూడా 1906లోనే. ఈ రోజు ఆ పాస్ లేని ఆటను ఏ అభిమానీ ఊహించుకోలేడు.

అయితే మ్యాచ్ మూడు గంటలు దాటి సాగడానికి ఫస్ట్ డౌన్ నిబంధన ఒక్కటే కారణం కాదని అభిమానులకు తెలుసు. 1950ల తొలినాళ్ల నుంచి ఏ మ్యాచ్ టీవీలో రావాలో, ఒక జట్టు ఎన్నిసార్లు కనిపించాలో ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు దానిపై కోర్టుకు వెళ్లగా, 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నియంత్రణ వ్యాపార పోటీ చట్టానికి విరుద్ధమని ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు ఇచ్చింది. అక్కడి నుంచి విశ్వవిద్యాలయాలు, అవి చేరిన కాన్ఫరెన్సులు (విశ్వవిద్యాలయ జట్ల కూటములు) ఛానళ్లతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నాయి. ప్రసారమయ్యే మ్యాచ్‌లూ పెరిగాయి, ఒప్పందాల విలువా పెరిగింది, ప్రకటనల కోసం ఆట ఆపడమూ మామూలైపోయింది. స్టేడియంలో కూర్చున్నవాడికి ఆ విరామాల్లో కనిపించేది, మైదానంలో చెవులకు ఫోన్లు తగిలించుకుని నిలబడిన టీవీ ప్రతినిధి చేయి దించేదాకా ఖాళీగా ఎదురుచూసే ఆటగాళ్లు మాత్రమే.

గడియారం మీద పెద్ద ప్రయోగం 2006లో జరిగింది. బంతి ఒక జట్టు నుంచి మరో జట్టుకు మారినప్పుడు, కొత్త జట్టు ఆట మొదలుపెట్టకముందే, రిఫరీ సైగతోనే గడియారం కదలాలన్నారు. బంతిని తన్ని ఆటను మళ్లీ మొదలుపెట్టే కిక్‌ఆఫ్‌లో అవతలి జట్టు బంతిని తాకినప్పుడు కాకుండా, తన్నిన క్షణం నుంచే సమయం లెక్కపెట్టాలన్నారు. మ్యాచ్‌లు పొట్టివైన మాట నిజమే గానీ బంతితో చేసే ప్రయత్నాలు కూడా మ్యాచ్‌కు పదికి పైగా తగ్గిపోయాయి. వెనుకబడిన జట్టు చివరి నిమిషాల్లో పుంజుకునే దారి మూసుకుపోతోందని అభిమానులు, కోచ్‌లు ఒకే గొంతుతో మండిపడ్డారు.

ఆ నిబంధనలోని లొసుగును అందరికీ చూపించింది అదే ఏడాది నవంబరులో మాడిసన్‌లో జరిగిన విస్కాన్సిన్, పెన్ స్టేట్ మ్యాచ్. మొదటి అర్ధభాగం ముగియడానికి కొద్ది సెకన్లు ఉందనగా విస్కాన్సిన్ ఆధిక్యంలోకి వచ్చింది. అవతలి జట్టుకు బంతిని అప్పగించాల్సిన కిక్‌ఆఫ్‌లో విస్కాన్సిన్ ఆటగాళ్లు కావాలనే గీత దాటి ముందే పరుగెత్తారు. తప్పుకు శిక్షగా కిక్ మళ్లీ వేయించారు గానీ, తన్నగానే కదిలిన గడియారం మాత్రం వెనక్కి రాలేదు. రెండోసారీ అదే చేశారు. పెన్ స్టేట్ వృద్ధ కోచ్ జో పటెర్నో మైదానం అంచున అధికారులపై కేకలు వేస్తుండగానే సమయం అయిపోయింది. ఈ ఎత్తు వేసిన విస్కాన్సిన్ కోచ్ బ్రెట్ బీలెమాకు హెడ్ కోచ్‌గా అది తొలి సీజన్. ఆయన నిబంధనను ఉల్లంఘించి లాభపడ్డాడని కొందరు తిట్టారు, నిబంధన ఎంత గుడ్డిదో నిరూపించాడని కొందరు మెచ్చుకున్నారు. నా దృష్టిలో రెండో మాటే సరైనది. 2007 ఆరంభంలోనే ఆ రెండు మార్పులనూ వెనక్కి తీసుకున్నారు.

ఇది అభిమానుల విజయమని చాలామంది అనుకుంటారు. కానీ నిబంధనల కమిటీలో కూర్చునేది కోచ్‌లు, విశ్వవిద్యాలయాల క్రీడా అధికారులు. దాని పైన ఆమోదముద్ర వేసే మరో ప్యానెల్ ఉంటుంది. టికెట్ కొని వచ్చేవాడికి ఆ రెండు చోట్లా కుర్చీ లేదు. 2006 నిబంధన పోవడానికి అసలు కారణం కోచ్‌లు కూడా దాన్ని అసహ్యించుకోవడమే. దాన్ని ఎత్తేసిన మరుసటి ఏడాదే, 2008లో, రెండు ప్రయత్నాల మధ్య నలభై సెకన్ల గడియారాన్ని తెచ్చి వేరే దారిలో వేగం పెంచారు. కోచ్‌లు పెద్దగా అడ్డుపడలేదు కనుక అది నిలబడింది.

అభిమానులు కోరుకుని వచ్చిన మార్పూ చివరికి వాళ్లనే చీల్చిన ఉదాహరణ ఒకటుంది. 1966లో నోటర్ డామ్, మిషిగన్ స్టేట్ 10-10తో సమంగా ముగించినప్పుడు, గెలుపుకు ప్రయత్నించకుండా సమయం గడిపేశాడని నోటర్ డామ్ కోచ్ ఆరా పార్సీగియన్‌ను ఏళ్ల తరబడి నిందించారు. 1996 నుంచి అన్ని మ్యాచ్‌లకూ ఓవర్‌టైమ్ వచ్చి సమాన ఫలితం మాయమైంది. క్రికెట్ సూపర్ ఓవర్ లాగా ఇరు జట్లకూ సమాన అవకాశం ఇచ్చే పద్ధతి కావడంతో అది బాగా నచ్చింది. 2018లో టెక్సస్ ఏ అండ్ ఎం, ఎల్‌ఎస్‌యూ మధ్య మ్యాచ్ ఏడు ఓవర్‌టైమ్‌లు నడిచి 74-72తో ముగిసేసరికి కమిటీ మళ్లీ భద్రత పేరెత్తింది. 2021 నుంచి మూడో ఓవర్‌టైమ్ మొదలు ఇరు జట్లూ గోల్ గీతకు మూడు గజాల దూరం నుంచి రెండు పాయింట్ల ప్రయత్నం ఒక్కొక్కటే చేయాలి. అదే ఏడాది అక్టోబరులో ఇల్లినాయ్, పెన్ స్టేట్‌పై తొమ్మిది ఓవర్‌టైమ్‌ల తర్వాత 20-18తో గెలిచింది. ఐదు రౌండ్లలో వరుసగా ఎవరికీ ఒక్క పాయింటూ రాలేదు. ఇది ఫుట్‌బాలే కాదని తలపట్టుకున్నవాళ్లు ఎంతమందో, కుర్చీ అంచున కూర్చుని చూసినవాళ్లూ అంతమంది. ఆ రోజు ఇల్లినాయ్ కోచ్ మళ్లీ బ్రెట్ బీలెమాయే కావడం పెన్ స్టేట్ అభిమానుల ఖర్మ.

ఈ నేపథ్యంలో 2023 సవరణను చూస్తే, కమిటీ 2006 నుంచి పాఠం నేర్చుకుందని ఒప్పుకోవాలి. పాస్ విఫలమైనప్పుడు కూడా గడియారం నడవాలన్న ఆలోచన చర్చకు వచ్చినా దాన్ని పక్కనపెట్టారు, ఫస్ట్ డౌన్ విషయంలో చివరి రెండు నిమిషాలను మినహాయించారు. ఉత్కంఠ పుట్టే ఘట్టాన్ని ముట్టుకోలేదు కనుక కోచ్‌ల నుంచి తిరుగుబాటు రాలేదు. కానీ 2024లో, ప్రొఫెషనల్ లీగ్‌ను చూసి, రెండో, నాలుగో క్వార్టర్లలో రెండు నిమిషాలు మిగిలి ఉండగా తప్పనిసరి విరామం తెచ్చేసరికి పాత అనుమానం తిరిగి లేచింది. దీనివల్ల అదనపు ప్రకటనలు రావని, ఉన్న విరామాలనే సర్దుతామని అధికారులు వివరించారు. ఏడాది క్రితమే ఆట పొడుగైపోతోందని గడియారాన్ని ఆగకుండా చేసినవాళ్లు, ఇప్పుడు తామే దాన్ని ఆపుతున్నారేమిటని అడిగిన అభిమానికి ఆ వివరణ సరిపోలేదు.

సమయం తగ్గించడానికి ఇంకా ముట్టుకోని చోటు ఒకటుంది. కాలేజీ మ్యాచ్‌లో అర్ధభాగం విరామం ఇరవై నిమిషాలు, ప్రొఫెషనల్ లీగ్ కంటే ఎక్కువ. దాన్ని కుదించాలన్న సూచన వినిపించినప్పుడల్లా విశ్వవిద్యాలయ బ్యాండ్ మైదానంలోకి దిగే ఆ ఇరవై నిమిషాల కోసమే స్టేడియానికి వస్తామనే పాత విద్యార్థులు అడ్డుపడతారు. ప్రకటనలను తిట్టేవాళ్లలో కూడా వీళ్లు తక్కువేమీ కాదు.