వీఆర్ మాడ్‌లో జెశ్చర్లు: జీపీయూ తర్వాత, ముందు గ్రిప్ బటన్ సంగతి చూడండి

"అన్నా, ఫైర్‌బాల్ జెశ్చర్‌కి రెండు వేల శాంపిళ్లు రికార్డు చేశా. మోడల్ ట్రైన్ చేయడానికి గ్రాఫిక్స్ కార్డు కొనాలా?"

స్కైరిమ్ అనే గేమ్ వీఆర్ వెర్షన్‌కి మాడ్‌లు (ఆటకి మనం జోడించే మార్పులు) రాస్తానని తెలిసినప్పటి నుంచి ఈ ప్రశ్న విని విని విసుగొచ్చింది. మొన్న అడిగిన కుర్రాడు ఫైనలియర్, పాపం ఇంట్లో డబ్బులు అడగడానికి సిద్ధమైపోయాడు. ఎవరో చెప్పారట, ఏఐ లేకుండా జెశ్చర్లు, అంటే గాల్లో చేత్తో ఆకారం గీస్తే మంత్రం పడేలా చేయడం, కుదరవని. ఆ చెప్పినవాళ్లు ఒక్క మాడ్ అయినా రాశారా అంటే, లేదు.

అపోహ: మెషీన్ లెర్నింగ్ తప్పదు.

గాల్లో గీసే ఆరేడు ఆకారాలకు అక్కర్లేదు. వొబ్రాక్, విల్సన్, లీ 2007లోనే 'డాలర్ వన్' రికగ్నైజర్ ప్రచురించారు. గీతను సమాన దూరాల్లో 64 చుక్కలు చేయడం, తిప్పి సరిచేయడం, ఒకే సైజుకి తేవడం, దాచుకున్న నమూనాతో చుక్కకు చుక్క దూరం కొలవడం, అంతే. వంద లైన్ల కోడ్. ఆకారానికి ఒక్క నమూనా ఇచ్చినా పని మొదలవుతుంది. అది 2డీ కాబట్టి చేతి కదలికను మనకెదురుగా నిలువు తలం మీద పరుచుకోవాలి. తిప్పే మెట్టు మాత్రం తీసేయండి, లేకపోతే పైకి గీసిన బాణం, కిందికి గీసిన బాణం దానికి ఒకటే.

అసలు తలనొప్పి వేరే. చెయ్యి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. జెశ్చర్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ అయిపోయింది? ఎంత పెద్ద మోడల్ పెట్టినా ఈ ప్రశ్న తప్పదు.

నేనూ మొదట్లో చేతి వేగం పెరిగితే జెశ్చర్ మొదలైనట్టు లెక్కేశాను. ఓ సాయంత్రం హెడ్‌సెట్ తలమీద ఉండగా అమ్మ "కాఫీ చల్లారిపోతోంది రా" అంది. "వస్తున్నా" అని చెయ్యి ఊపాను. ఆటలో వైట్‌రన్ అనే ఊరి సంతలో పళ్లమ్ముకునే ఆవిడ మీదకి మంట వెళ్లింది. 40 గోల్డ్ బౌంటీ (నేరానికి ఆటలో పడే జరిమానా), చుట్టూ గార్డులు, చల్లారిన కాఫీ.

ఆ రాత్రే గ్రిప్ (కంట్రోలర్ పట్టుకుంటే వేళ్ల కింద ఉండే బటన్) పెట్టాను. నొక్కితే మొదలు, వదిలితే ముగింపు. గీత 20 సెంటీమీటర్ల లోపు ఉంటే పారేయడం. గీతకి బాగా కలిసిన మొదటి, రెండో నమూనాల స్కోర్లు దగ్గరగా ఉంటే ఏమీ చేయకుండా ఊరుకోవడం. మంత్రం పడకపోతే ఆడేవాడు మళ్లీ గీస్తాడు, తప్పు మంత్రం పడితే మాడ్ తీసేస్తాడు. వస్తువుల్ని చేత్తో పట్టుకోనిచ్చే హిగ్స్ లాంటి మాడ్ అదే బటన్ వాడుతుంటే వేరేది చూసుకోండి. ఇంకోటి, ఆ నిలువు తలం కోసం హెడ్‌సెట్ దిక్కును గ్రిప్ నొక్కిన క్షణంలో ఒక్కసారే తీసుకోండి. ప్రతి ఫ్రేమ్‌కీ తీసుకుంటే గీస్తూ పక్కకి చూసినప్పుడు సున్నా కాస్తా జిలేబీ అవుతుంది.

అపోహ: పాపిరస్ (ఆటతో వచ్చే స్క్రిప్ట్ భాష) చాలు. 90 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 90 ఫ్రేములైతే, ఫ్రేమ్‌కి 11 మిల్లీసెకన్లు. పాపిరస్ అంత కచ్చితంగా నడవదు. ఎస్‌కేఎస్‌ఈ వీఆర్ (ఆటకి కొత్త కోడ్ తగిలించే టూల్) ప్లగిన్‌ని సీ ప్లస్ ప్లస్‌లో రాయాలి.

అపోహ: నా హెడ్‌సెట్‌లో పనిచేస్తే అందరికీ పనిచేస్తుంది. ఫ్రేమ్‌కి ఇంత కదలిక అని పెట్టుకుంటే 72 హెర్ట్జ్ హెడ్‌సెట్‌కీ 120 హెర్ట్జ్ దానికీ తేడా కొడుతుంది. సెకన్లలో కొలవండి. గేమ్‌లో మీటరంటే దాదాపు 70 యూనిట్లు, అది మర్చిపోయి నా 20 సెంటీమీటర్లకి 20 యూనిట్లు రాసి రెండ్రోజులు పోగొట్టుకున్నాను.

అపోహ: బటన్లన్నీ జెశ్చర్లుగా మార్చాలి. పావుగంట చేతులెత్తి ఆడి చూడండి, భుజాలే చెబుతాయి.

అపోహ: మాడ్ వేస్తే బ్యాన్ చేస్తారు. సింగిల్ ప్లేయర్ గేమ్ బాబూ.

ఆ కుర్రాడు కార్డు కొనలేదు. గ్రిప్ పెట్టి, ఆకారానికి మూడు నమూనాలతో నడిపిస్తున్నాడు. నిన్న మళ్లీ మెసేజ్: వాళ్ల చెల్లి గీస్తే సున్నా ఒక్కసారీ పడట్లేదట. ఎడమచేతి వాటమా అని అడిగాను. అవునన్నాడు. ఆ అమ్మాయి సున్నాని ఎదురు దిక్కులో చుడుతోంది, ఈ పద్ధతికి గీసిన దిక్కు మారితే ఆకారమే మారినట్టు. ఆమెతోనే ఇంకో నమూనా గీయించి పెట్టమన్నాను.