రెటీనా ఫొటోను ఏఐ చదవకముందు, చదివాక

షుగర్ వల్ల కంటి వెనక తెర అయిన రెటీనా దెబ్బతినడం (దీన్నే రెటినోపతీ అంటారు) మొదలైనా చాలాకాలం చూపు బాగానే ఉంటుంది. మసక తెలిసేసరికి రక్తనాళాలు అప్పటికే కారుతుంటాయి. అందుకే ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికోసారి కంటి వెనకభాగం చూపించుకోమంటారు. షుగర్ ఉన్నవాళ్లు కోట్లలో ఉన్నారు, రెటీనా చదవగల డాక్టర్లు చాలా తక్కువ. ఈ లెక్క ఎంతకీ కుదరకపోవడంతోనే కృత్రిమ మేధ (ఏఐ) ముందుగా అడుగుపెట్టిన వైద్యశాఖల్లో ఇదొకటైంది.

2016లో గూగుల్ పరిశోధకులు 1,28,175 రెటీనా ఫొటోలతో, ఫొటో చూసి జబ్బును గుర్తుపట్టే ఒక అల్గారిథంకు (కంప్యూటర్ ప్రోగ్రాంకు) శిక్షణ ఇచ్చి ఆ ఫలితాలు ప్రచురించారు. ఆ ఫొటోలకు గ్రేడ్లు వేసింది 54 మంది కంటి వైద్యులు. 2018 ఏప్రిల్‌లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, ఐడీఎక్స్-డీఆర్ అనే పరికరానికి అనుమతి ఇచ్చింది. ఫొటోను డాక్టర్ చూడకపోయినా ఫలితం ఇవ్వగల వ్యవస్థల్లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన తొలిది అదే. అది చెప్పేది రెండే మాటలు: స్వల్ప స్థాయిని మించిన రెటినోపతీ ఉంది, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, లేదా అంత లేదు, 12 నెలలకు మళ్లీ రండి. 900 మందితో చేసిన పరీక్షలో సెన్సిటివిటీ, అంటే జబ్బున్నవాళ్లను పట్టుకునే శాతం, 87.2. స్పెసిఫిసిటీ, అంటే అది లేనివాళ్లను లేదని చెప్పే శాతం, 90.7.

ఇవన్నీ అల్గారిథం గురించిన అంకెలు. స్క్రీనింగ్ శిబిరం నిలిచేదీ కూలేదీ ఎక్కువగా ఫొటో తీసే గదిలోనే.

ఆ గది చీకటిగా ఉండాలి. చీకట్లో కొన్ని నిమిషాలు కూర్చుంటే కంటిపాప దానంతటదే విచ్చుకుంటుంది. చుక్కలమందు లేకుండా తీసే కెమెరాలకు సాధారణంగా పాప దాదాపు 4 మిల్లీమీటర్లు ఉండాలి. గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి, లోపల కనిపించే చిన్న లైటునే చూడమంటారు. ఒక్కో కంటికి రెండు ఫొటోలు తీయడం మామూలు పద్ధతి: ఒకటి నరం మొదలయ్యే ఆప్టిక్ డిస్క్ మధ్యలో ఉండేలా, ఒకటి సూటి చూపుకు కేంద్రమైన మాక్యులా మధ్యలో ఉండేలా. ఇక్కడ కొత్త ఆపరేటర్లు తరచూ దెబ్బతినే చోటు ఒకటుంది. కుడి కంట్లో ఫ్లాష్ పడితే ఎడమ కంటిపాప కూడా ముడుచుకుంటుంది. క్యూ పెరుగుతోందని వెంటనే ఎడమ కంటికి జరిగితే ఫొటో నల్లగా వస్తుంది. మళ్లీ తీస్తే మళ్లీ ఫ్లాష్, పాప ఇంకా చిన్నదవుతుంది. కాసేపు ఆగడమే మందు. అయినా రాకపోతే ట్రాపికమైడ్ చుక్కలు వేసి 20, 30 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత కొన్ని గంటలు దగ్గర చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపొద్దని ముందే చెప్పాలి. నీటికాసుల (గ్లకోమా) ముప్పు ఉన్న ఇరుకు కోణం కళ్లకు, అంటే లోపలి నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నవాటికి, ఈ చుక్కలు పడవు, అదీ ముందే కనుక్కోవాలి.

చెడిన ఫొటోను జాగ్రత్తగా చూస్తే ఎందుకు చెడిందో అదే చెబుతుంది. అంచున నెలవంకలాంటి నల్లని నీడ ఉంటే పాప చిన్నది. కింద తెల్లటి మసక ఉంటే రెప్పవెంట్రుకలు అడ్డొచ్చాయి. మొత్తం పొగమంచులా ఉంటే శుక్లం అయి ఉండొచ్చు, అప్పుడు ఎన్నిసార్లు తీసినా అంతే, నేరుగా డాక్టర్ దగ్గరికి పంపడమే మేలు. వరసగా నలుగురి ఫొటోల్లో ఒకేచోట మచ్చ కనిపిస్తే అది ఎవరి కంట్లోదీ కాదు, లెన్స్ మీది మరక. దాన్ని సాఫ్ట్‌వేర్ రక్తపు చుక్కగా లెక్కగట్టే ప్రమాదం లేకపోలేదు.

థాయ్‌లాండ్‌లో గూగుల్ వ్యవస్థను 11 క్లినిక్‌లలో పెట్టినప్పుడు ఇదంతా బయటపడింది. మొదటి ఆరు నెలల్లో వచ్చిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని, నాణ్యత చాలదని, అల్గారిథం చదవనంది. చాలాచోట్ల చీకటి చేయడానికి వేరే గదే లేదు. ఒక్కో ఫొటో అప్‌లోడ్ అయ్యేసరికి ఒక నిమిషం, ఒకటిన్నర నిమిషం పట్టేది. అంతకుముందు ఫొటోను స్పెషలిస్టుకు పంపితే ఫలితానికి 10 వారాల దాకా పట్టేదన్నది నిజమే. కానీ చదవలేనన్న ప్రతి ఫొటోకూ ఒక మనిషి ఆసుపత్రికి ప్రయాణం కట్టాల్సి వచ్చేది. చదవలేని ఫొటోను 'నార్మల్' కింద వేయకూడదు కాబట్టి ఇంకో దారి లేదు.

ఫొటో బాగా వచ్చినా అల్గారిథం తనంతట తాను 'ఉంది', 'లేదు' అనదు. 0కి 1కి మధ్య ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె ఎంత దాటితే జబ్బు అనాలో గీత గీసేది మనుషులు. పైన చెప్పిన 2016 పరిశోధనలోనే, ఒకే అల్గారిథం, ఒకే ఫొటోల గుట్ట. గీత ఒకచోట పెడితే సెన్సిటివిటీ 90.3, స్పెసిఫిసిటీ 98.1. కిందికి దించితే 97.5, 93.4. ఏది మంచిదన్నది గణితం చెప్పదు, ఆ ఊళ్లో రెటీనా డాక్టర్ ఎంత దూరంలో ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. 'ఖచ్చితత్వం 95 శాతం' అని ఒక్క అంకె ఇచ్చే ప్రకటనను నమ్మకపోవడమే మంచిది. వందలో ఐదుగురికే జబ్బున్న చోట, అందరినీ నార్మల్ అనేసే యంత్రానికీ 95 శాతం వస్తుంది.

సెన్సిటివిటీ 87, స్పెసిఫిసిటీ 90 అనుకుని ఒక లెక్క వేసి చూడండి. వెయ్యిమందిలో 100 మందికి జబ్బుంటే 87 మంది దొరుకుతారు, 13 మంది తప్పిపోతారు. జబ్బులేని 900 మందిలో 90 మందికి ఉత్త భయం. అంటే 'ఉంది' అన్న ఇద్దరిలో దాదాపు ఒకరికే నిజంగా ఉన్నట్టు. అదే పరికరాన్ని జబ్బు 20 మందికే ఉన్న వెయ్యిమంది దగ్గరికి తీసుకెళితే 17 మంది దొరుకుతారు, 98 మందికి తప్పుడు హెచ్చరిక వెళుతుంది. యంత్రం మారలేదు, మనుషులు మారారు.

'లేదు' అన్న ఫలితానికీ హద్దుంది. రెటినోపతీకి శిక్షణ పొందింది రెటినోపతీనే వెతుకుతుంది. ఫొటోలో నీటికాసుల గుర్తులున్నా, వేరే గడ్డ ఉన్నా దానికి పట్టదు. మాక్యులా వాపు లోతుకు సంబంధించినది, బల్లపరుపు ఫొటోలో దాన్ని పసుపు చుక్కల్ని బట్టి ఊహించాల్సిందే. కాబట్టి చూపు తగ్గిందనో, ఎగిరే మచ్చలు కనిపిస్తున్నాయనో చెప్పే మనిషిని స్క్రీనింగ్ వరసలో నిలబెట్టకూడదు. ఆ వరస లక్షణాలు లేనివాళ్ల కోసం.

కెమెరా మోడల్ మార్చినా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినా పాత అంకెలు అలాగే ఉంటాయన్న హామీ లేదు. ఆ కేంద్రంలో తీసిన ఫొటోలు కొన్ని వందలు, జబ్బున్నవి తగినన్ని ఉండేలా ఏరి, ఇద్దరు డాక్టర్ల చేత అల్గారిథం ఫలితం చూపించకుండా చదివించి పోల్చుకోవాలి. తర్వాత కూడా 'లేదు' అన్న ఫొటోల్లో కొన్నింటిని నెలనెలా డాక్టర్ చేత చూపించాలి. 'ఉంది' అన్నవాళ్లు ఎలాగూ డాక్టర్‌ను కలుస్తారు కాబట్టి ఆ తప్పులు బయటపడతాయి, 'లేదు' అనిపించుకుని ఇంటికెళ్లినవాళ్ల తప్పులు ఎవరూ వెతకకపోతే బయటపడవు.

ఇక ఫలితం వచ్చాక. 'కంటి డాక్టర్‌ను కలవండి' అన్న కాగితం ఇచ్చి పంపితే చాలామంది వెళ్లరు, ఎందుకంటే వాళ్లకు చూపు బాగానే ఉంది. ఆ మనిషి కుర్చీలోంచి లేవకముందే అపాయింట్‌మెంట్ తేదీ ఖాయం చేసి, వాళ్ల రెటీనా ఫొటోలోనే మచ్చలు చూపించి, రిజిస్టర్‌లో 'వెళ్లారా' అనే ఒక గడి పెట్టి, తేదీ దాటిన వారంలో ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లకు ఫోన్ చేయాలి.