గాయని ఉద్యోగి కాదు: చాపెల్ రోన్ ప్రసంగం వెనుక కథ

2025 ఫిబ్రవరి 2న లాస్ ఏంజెలెస్‌లో ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ అందుకోవడానికి వేదిక ఎక్కిన అమెరికన్ గాయని చాపెల్ రోన్ చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. అందులోంచి ఆమె చదివింది ధన్యవాదాల చిట్టా ఒక్కటే కాదు. సంగీత కంపెనీల పెద్దలు ఎందరో కూర్చున్న ఆ సభలో జీతం గురించీ, ఆరోగ్య బీమా గురించీ మాట్లాడింది. కళాకారుల మీద కోట్లు గడించే కంపెనీలు ఇంకా నిలదొక్కుకోని గాయకులకైనా బతకడానికి చాలినంత జీతం, వైద్య సదుపాయం ఇవ్వాలని అడిగింది. మైనరుగా ఉన్నప్పుడే ఒక కంపెనీ తనతో ఒప్పందం చేసుకుందనీ, అది తనను వదిలేసిననాటికి మరే పనిలోనూ అనుభవం లేదనీ, కరోనా రోజుల్లో ఉద్యోగం దొరకడం కష్టమై బీమా కట్టుకోలేకపోయాననీ చెప్పింది.

హాలంతా చప్పట్లు కొట్టింది. కొద్ది రోజులకే హాలీవుడ్ రిపోర్టర్ పత్రికలో ఒక మాజీ సంగీత వ్యాపారి ఆమెను తప్పుపడుతూ వ్యాసం రాశాడు. కంపెనీ గాయకులకు యజమాని కాదు, పెట్టుబడిదారు మాత్రమే అన్నది ఆయన వాదన సారాంశం. రోన్ ఊరుకోలేదు. కష్టాల్లో ఉన్న కళాకారులకు తాను 25,000 డాలర్లు ఇస్తానని, ఆయనా అంతే ఇవ్వాలని సవాలు విసిరింది. తోటి గాయకులు నోవా కాహన్, చార్లీ ఎక్స్‌సీఎక్స్ తలా 25,000 డాలర్లు జత చేశారు. దాంతో చర్చ ఎవరెంత ఇచ్చారన్న దాని మీదికి మళ్లింది. విరాళాలు మంచివే. కానీ ఆమె అడిగింది విరాళం కాదు.

రోన్ అసలు పేరు కేలీ రోజ్ ఆమ్‌స్టట్జ్. 1998 ఫిబ్రవరి 19న మిస్సోరి రాష్ట్రంలో పుట్టింది, స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర విల్లార్డ్ అనే చిన్న ఊళ్లో పెరిగింది. రంగస్థలం పేరులో సగం తాతగారిది. ఆయన ఇంటిపేరు చాపెల్. మిగతా సగం ఆయనకు ఇష్టమైన ఒక పాత కౌబాయ్ పాట నుంచి వచ్చింది. సొంతంగా రాసుకుని పాడిన ఒక పాటను టీనేజీలో యూట్యూబులో పెడితే అది అట్లాంటిక్ రికార్డ్స్ అనే పెద్ద సంగీత కంపెనీ దృష్టిలో పడింది. 2015లో, 17 ఏళ్లకు, ఒప్పందం కుదిరింది. 2017లో ఒక చిన్న ఆల్బమ్ వచ్చింది. మరుసటి ఏడాది ఆమె లాస్ ఏంజెలెస్‌కు మారింది.

ఆ నగరంలో ఆమెకు దొరికిన పెద్ద సంపద వెస్ట్ హాలీవుడ్‌లోని గే క్లబ్బులు. తనలాంటి వాళ్లు భయం లేకుండా నాట్యం చేసే చోటును చూడటం అదే మొదలు. అందులోంచి నిర్మాత డాన్ నిగ్రోతో కలిసి చేసిన ‘పింక్ పోనీ క్లబ్’ పుట్టింది: చిన్న ఊరి అమ్మాయి, అమ్మ బాధపడుతుందని తెలిసీ, క్లబ్బులో ఆడటానికి వెళ్లే కథ. పాట 2020 ఏప్రిల్‌లో విడుదలైంది. అప్పటికి కరోనా వల్ల క్లబ్బులు దాదాపు అన్నీ మూతపడి ఉన్నాయి. ఆగస్టులో అట్లాంటిక్ ఆమెను వదిలేసింది. మిస్సోరి తిరిగి వెళ్లి కార్లలో వచ్చేవాళ్లకు కిటికీలోంచి తిండి అందించే పనిలో చేరింది. మళ్లీ లాస్ ఏంజెలెస్ వచ్చాక పిల్లల ఆయాగా, డోనట్ల దుకాణంలో, షూటింగుల్లో సహాయకురాలిగా పనిచేసింది.

అయిదేళ్లు పెద్ద కంపెనీ ఒప్పందంలో ఉన్న గాయని చేతిలో డబ్బు లేకపోవడం ఎలా సాధ్యం? దీనికి జవాబు అడ్వాన్సు లెక్కలో ఉంది. కంపెనీ ముందుగా ఇచ్చే సొమ్ము జీతం కాదు, గాయకుడి వాటాలోంచి తిరిగి రాబట్టుకునే బాకీ. రికార్డింగు ఖర్చు, చాలాసార్లు వీడియో ఖర్చులో భాగం కూడా ఆ ఖాతాలోకే ఎక్కుతాయి. ఊహకు ఒక లెక్క చూద్దాం: ఖాతాలో లక్ష డాలర్ల బాకీ ఉంది, గాయని వాటా 15 శాతం. ఆ బాకీ తీరాలంటే పాటల మీద దాదాపు 6,67,000 డాలర్ల రాబడి రావాలి. అంతవరకు ఆమెకు రాయల్టీగా, అంటే రాబడిలో తన వాటాగా, ఒక్క డాలరూ రాదు. ఈలోగా కంపెనీ తన 85 శాతం తీసుకుంటూనే ఉంటుంది. పాట ఆడకపోతే బాకీ కోసం ఇంటి మీదికి ఎవరూ రారు, ఆ మాట నిజమే. కానీ మాస్టర్ రికార్డింగు, అంటే పాట అసలు ప్రతి మీద హక్కు, మాత్రం సాధారణంగా కంపెనీ దగ్గరే ఉండిపోతుంది.

ఇక బీమా సంగతి. అమెరికాలో ఆరోగ్య బీమా ఉద్యోగానికి ముడిపడటం రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి ముచ్చట. 1942లో ప్రభుత్వం జీతాలు పెరగకుండా కట్టడి చేసింది. మనుషులు దొరకని కంపెనీలు జీతానికి బదులు బీమాను ఎరగా చూపాయి. తరువాత దాని మీద పన్ను కూడా లేకుండా పోయింది. అదే ఏడాది ఆగస్టులో వాద్య కళాకారుల సంఘం రికార్డింగులను బహిష్కరించి, రెండేళ్లకు పైగా పోరాడి, అమ్ముడైన రికార్డుల మీద సొమ్ము సంఘం నిధికి వచ్చేలా సాధించుకుంది. గాయకులు ఆ సంఘంలో లేరు. సమ్మె నడుస్తుండగా కంపెనీలు వాద్యాలు లేకుండా, వెనుక బృందగానం పెట్టి, వాళ్లతోనే రికార్డులు చేయించాయి.

అట్లాంటిక్ పేరు వినగానే పాత సంగీతం తెలిసినవాళ్లకు గుర్తొచ్చే మనిషి రూత్ బ్రౌన్. కారు ప్రమాదంలో కాళ్లు విరిగిన ఆమె ఆసుపత్రి మంచం మీదే 1949లో ఆ కంపెనీ ఒప్పందం మీద సంతకం చేసిందని చెబుతారు. 1950 దశకంలో వరసగా హిట్లు ఇచ్చి, అప్పుడే పుట్టిన కంపెనీని ఎంతగా నిలబెట్టిందంటే దానికి ‘రూత్ కట్టిన ఇల్లు’ అని పేరు పడింది. 1960ల్లో ఆ ఇల్లు కట్టిన మనిషి పిల్లలను పోషించుకోవడానికి ఇళ్లల్లో పనిచేసింది, స్కూలు బస్సు నడిపింది. రాయల్టీ సంగతి అడిగితే, ఖాతా ప్రకారం మీరే మాకు బాకీ అన్నారు. హోవెల్ బెగ్ల్ అనే న్యాయవాది తోడు రాగా ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 1988లో అట్లాంటిక్ పాత బాకీలు రద్దుచేసి, గత రాయల్టీలు కొంత చెల్లించి, రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్‌కు మూలధనం ఇచ్చింది. పాత కళాకారుల వైద్యానికి, అద్దెలకు సాయపడటం ఆ సంస్థ పని.

దాని అవసరం ఎంతో రెండేళ్లకే తెలిసింది. మోటౌన్ అనే రికార్డు కంపెనీ తొలి తారల్లో ఒకరు, 1964లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానం అందుకున్న మేరీ వెల్స్‌కు 1990లో గొంతు క్యాన్సరు వచ్చింది. బీమా లేదు. చికిత్సకు ఇల్లు పోయింది. తోటి గాయకులు చందాలు వేసుకున్నారు. 1992లో, 49 ఏళ్లకు, ఆమె చనిపోయింది. మరుసటి ఏడాది శామ్ మూర్, మరికొందరు పాత గాయకులు కోర్టుకెక్కారు. తమ యూనియన్ ఆరోగ్య, పింఛను నిధికి రికార్డు కంపెనీలు కట్టాల్సింది సరిగా కట్టలేదనీ, నిధి కూడా వసూలు చేయలేదనీ వాళ్ల ఫిర్యాదు.

రోన్ విషయంలో ఎదుటి పక్షం మాట ఒకటి పట్టించుకోదగ్గదే. పెద్ద కంపెనీలతో ఒప్పందం ఉన్న గాయకులకు నేటి యూనియన్ ద్వారా బీమా పొందే దారి ఉంది. 2010 నాటి చట్టం ప్రకారం 26 ఏళ్ల వరకు తల్లిదండ్రుల బీమాలోనూ ఉండవచ్చు. అక్కడ పిల్లలు చదువుకుంటున్న తెలుగు ఇళ్లల్లో ఈ 26 లెక్క తెలియనివారు తక్కువ. వదిలేసిననాటికి రోన్ వయసు 22. అయితే మొదటి దారి ఒప్పందం ఉన్నంతవరకే. రెండోది ఇంట్లో ఎవరికో మంచి ఉద్యోగం ఉంటేనే. రెండిట్లోనూ కళాకారిణిగా ఆమె చేసిన పనికి లెక్కలేదు. తనకు బైపోలార్ అనే మానసిక రుగ్మత ఉందని బయటికే చెప్పిన మనిషికి వైద్యుడు ఒకసారి కనిపిస్తే సరిపోదు, నెలనెలా కావాలి.

తరువాతి కథ అందరికీ తెలిసిందే. కంపెనీ లేకుండానే 2022లో పాటలు విడుదల చేసింది. 2023లో నిగ్రో సంస్థ ద్వారా ఐలండ్ రికార్డ్స్ అనే మరో కంపెనీలో చేరింది. ఆ సెప్టెంబరులో తొలి పూర్తి ఆల్బమ్ వస్తే మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2024 ఫిబ్రవరిలో, సరిగ్గా 26 నిండిన వారంలోనే, గాయని ఒలీవియా రోడ్రిగో పర్యటనలో ముందు పాడే అవకాశంతో బయలుదేరింది. ఆగస్టులో షికాగోలో జరిగే లొలాపలూజా సంగీతోత్సవంలో పగటి ప్రదర్శనకు అంత జనం ముందెన్నడూ రాలేదని నిర్వాహకులు చెప్పారు. అట్లాంటిక్ వదిలేసిన ‘పింక్ పోనీ క్లబ్’ 2025లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి, అమెరికాలో నాలుగో స్థానానికి చేరింది.

గ్రామీ ప్రసంగం తరువాత, ఐలండ్ మాతృసంస్థ యూనివర్సల్ కూడా భాగస్వామిగా సంగీత రంగంలోని వారికి మానసిక ఆరోగ్య నిధి ఒకటి ఏర్పడింది. అడిగినవాళ్లకు చికిత్స ఖర్చులో సాయం దొరుకుతుంది. ఒప్పంద పత్రాల్లో గాయకులు ఇప్పటికీ స్వతంత్ర కాంట్రాక్టర్లే, అడ్వాన్సు ఇప్పటికీ బాకీయే.